కార్సెట్ బిగించకండి, బట్ట చూసి కొనండి: రీజెన్సీ నాటకం వేసేవాళ్ళకు నా జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా కాలేజీలో రీజెన్సీ కాలం, అంటే 1811-20 నాటి ఇంగ్లండు నేపథ్యంగా ఒక గంట నాటకం వేస్తున్నాం. ఎనిమిది మంది ఆడపాత్రలు. కార్సెట్లు ఊపిరాడనంత బిగించాలా? గౌన్లకు ఏ బట్ట కొనాలి? ఓటీటీలో చూపించినట్టు ఆ అమ్మాయిలు రోజూ డాన్సులకు వెళ్తూ, నచ్చినవాణ్ణి పెళ్ళాడుతూ అంత హాయిగా ఉండేవారా? మన రంగు వాళ్ళకు ఆ వేషం నప్పదని మా సార్ అంటున్నారు, నిజమేనా?"

నేను పద్దెనిమిదేళ్ళుగా నాటకాలకు పాతకాలపు దుస్తులు కుడుతున్నాను. అందులో పదకొండేళ్ళు ఇంగ్లండులోనే. రీజెన్సీ గౌన్లు ఎన్ని కుట్టానో లెక్క పెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు కార్సెట్ సంగతి తేల్చేద్దాం. బిగించక్కర్లేదు. మంచం కోడు పట్టుకుని నిలబడిన అమ్మాయి వెనక పనిమనిషి చేరి తాళ్ళు లాగి లాగి నడుము సన్నం చేసే సీను ఉంటుంది చూడండి, అది ఈ కాలానిది కాదు. ఒక్కసారి ఆ గౌను బొమ్మ చూసి మీరే ఆలోచించండి. దానికి నడుము ఎక్కడుంది? రొమ్ము కిందే ఉంది. అక్కణ్ణించి పాదాల దాకా బట్ట తిన్నగా జారిపోతుంది. ఎవరికీ కనపడని నడుముని పనిగట్టుకుని ఎవరు బిగిస్తారు?

అప్పట్లో వేసుకున్నవాటిని 'స్టేస్' అనేవారు. రెండు పొరల గట్టి కాటన్ గుడ్డ, మధ్యలో సన్నటి తాళ్ళు పెట్టి కుట్టేవారు. వాటి పని రొమ్ముని పైకెత్తి నిలపడం, వీపు వంగకుండా చూడడం. ముందువైపు మధ్యలో నిలువుగా ఒక చెక్క పట్టీ దూర్చేవారు, దాని పేరు 'బస్క్'. అది ఉంటే ముందుకు వంగడం కష్టం. కింద పడ్డ రుమాలు తీయాలంటే మోకాళ్ళు వంచి కూర్చోవాల్సిందే. మీ అమ్మాయిలకు ఈ ఒక్క కదలిక నేర్పించండి, సగం నటన అందులోనే వచ్చేస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. తాడు దూర్చే రంధ్రాలకు లోహపు ఐలెట్లు 1820ల చివరికి గానీ రాలేదు. అంతకుముందు అన్నీ కాజా కుట్టినట్టు దారంతో కుట్టిన రంధ్రాలే. వాటిలో తాడేసి పహిల్వానులా లాగితే ముందు చిరిగేది గుడ్డే. నడుముని కందిరీగ నడుములా చేసుకునే పిచ్చి ఆ తర్వాతి తరాలది. కాలేజీ నాటకానికి స్టేస్ కుట్టించే ఖర్చు కూడా దండగ. గట్టి బ్రా పట్టీలు ఒక ఇంచు బిగించుకుంటే సరిపోతుంది.

లోపలి పొరలు తెలిసి ఉండడం మంచిది. ఒంటికి తగిలేది 'షిఫ్ట్', మోకాళ్ళు దాటే లినెన్ చొక్కా. దాని మీద స్టేస్, ఆ పైన లోలంగా, ఆ పైన గౌను. ఉతుకులన్నీ ఎక్కువగా ఆ షిఫ్టుకే, చెమట పీల్చేది అదే కనుక. డ్రాయర్లు అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్నాయి, అందరూ వేసుకునేవారు కాదు.

ఇక బట్ట. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది, ఇక్కడ కాస్త ఆగుతాను.

'రీజెన్సీ' అంటే కచ్చితంగా చెప్పాలంటే 1811 ఫిబ్రవరి 5 నుంచి 1820 జనవరి 29 వరకు. మూడో జార్జి రాజుకి మతి చెడితే ఆయన కొడుకు రీజెంటుగా రాజ్యం చూసిన కాలం. కానీ దుస్తుల లెక్కలో సుమారు 1795 నుంచే ఈ శకం మొదలైనట్టు. అంతకు ముందు తరం ఆడవాళ్ళు వేసినవి బరువైన పట్టు, పక్కలకు వెదురు బుట్టల్లా విచ్చుకునే హూపులు, పిండి చల్లిన జుట్టు. ఒక్క పదిహేనేళ్ళలో అదంతా పోయి, తెల్లటి పల్చటి గౌను వచ్చింది. పాంపే, హెర్క్యులేనియం తవ్వకాల్లో బయటపడ్డ పాత శిల్పాల మోజు ఒక కారణం. ఫ్రాన్సులో మేరీ ఆంటోనెట్ రాణి మస్లిన్ అనే పల్చటి నూలు బట్ట గౌనులో చిత్రం గీయించుకుంటే 1783లో పెద్ద గొడవే అయింది, రాణి లోదుస్తుల్లో నిలబడిందని జనం ఈసడించుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి, విప్లవం నడుమ, ఆ లోదుస్తులే ఫ్యాషన్ అయ్యాయి.

ఆ గౌను నిలబడింది మన దేశపు నేత మీద. గ్రీకు శిల్పం మీద రాతి బట్ట ఎలా ఒంటికి అతుక్కుని జారుతుందో అలా జారాలంటే పట్టు పనికిరాదు, ఉన్ని పనికిరాదు. సన్నటి నూలు కావాలి. అలాంటి నూలు బట్టకు అప్పటికి వందల ఏళ్ళుగా పేరు పడింది ఢాకా. ఆ రకాల ఇంగ్లీషు పేర్లు తరచి చూస్తే మన ఊళ్ళే బయటపడతాయి. 'మల్' అంటే మన మల్‌మల్. 'జాకొనెట్' అంటే పూరీ జగన్నాథం పేరు మీద వచ్చింది. 'మడపోలం' అని ఇప్పటికీ ఇంగ్లీషు డిక్షనరీల్లో ఒక మెత్తటి నూలు బట్ట పేరుంది. అది నరసాపురం పక్కనున్న మన మాధవాయపాలెమే. అక్కడ ఇంగ్లీషు కంపెనీకి పదిహేడో శతాబ్దంలోనే వర్తక కోఠీ ఉండేది. యానాం దగ్గరి ఇంజరంలో కూడా ఉండేది. గోదావరి మగ్గాల బట్టని కంపెనీ వాళ్ళు 'పుంజం' లెక్కన కొనేవారు. పడుగులో పోగులు ఎక్కువైన కొద్దీ పుంజాలు ఎక్కువ, ధర ఎక్కువ. మన సాలెవారి మాటే వాళ్ళ చిట్టాల్లోకి ఎక్కింది.

అయితే ఇక్కడ ఒక చేదు సంగతి కూడా ఉంది. మీ నాటకం జరిగే నాటికి చాలామంది ఇంగ్లీషు అమ్మాయిలు కట్టింది మన మస్లిన్ కాదు, దాని నకలు. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ 'మ్యూల్' అనే వడికే యంత్రం చేశాడు. దాంతో మన వేళ్ళు వడికినంత సన్నటి నూలు లాంకషైర్ మిల్లుల్లో, స్కాట్లండులో గుట్టలుగా తయారవడం మొదలైంది. ఆ మిల్లులకు పత్తి ఎక్కువగా అమెరికాలో బానిసలు పండించినది. మన బట్ట మీద ఇంగ్లండు భారీ సుంకాలు వేసింది. 1813లో ఈస్టిండియా కంపెనీకి భారత వర్తకం మీద ఉన్న గుత్తాధికారం పోయింది, ఆ తర్వాత మిల్లు బట్ట ఎదురు తిరిగి మన రేవుల్లోకి దిగింది. ఆ తెల్ల గౌన్లు మెరిసిన ఏళ్ళే మన మగ్గాలు మూలపడడం మొదలైన ఏళ్ళు.

శాలువాలదీ ఇదే కథ. పల్చటి గౌనుకు చలి ఆగదు కాబట్టి కాశ్మీరు శాలువా తప్పనిసరి అయింది, అసలుది చాలా ఖరీదు. ఎడిన్‌బరో, నార్విచ్, పైస్లీ ఊళ్ళ నేతగాళ్ళు నకళ్ళు తీశారు. మన చీర అంచుల మీది మామిడిపిందెని లోకమంతా ఇప్పుడు 'పైస్లీ' అనే పిలుస్తోంది. నాకు ఆ మాట వినపడినప్పుడల్లా కొంచెం మంటగానే ఉంటుంది.

తెలుపే ఎందుకంటారా? తెలుపు అంటే డబ్బు. లండను మసి, బురద, కొవ్వొత్తుల మైనం వీటి మధ్య నేలకు తగిలే తెల్ల గౌను మల్లెపువ్వులా ఉందంటే, ఇంట్లో చాకిరీ చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పకనే చెప్పినట్టు. ఉడకబెట్టి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసే చేతులు వేరే ఉన్నాయి. ఒక అమ్మాయి పొద్దున ఒక గౌను, బయటికి ఒకటి, భోజనానికి ఒకటి మార్చేది. మార్చిన ప్రతిదీ ఇంకొకరి వీపు నొప్పి. కుట్టు మిషన్ ఇంకా లేదు, ప్రతి కుట్టూ చేత్తోనే. పాతబడ్డ గౌన్లు ఆ ఇంటి అమ్మగారి సొంత పనిమనిషికి వెళ్ళేవి. ఆమె వాటిని కట్టుకునేది లేదా అమ్ముకునేది.

ఇప్పుడు కొనుగోళ్ళు. మల్‌మల్ కొనండి, మల్ కాటన్ అన్నా ఇస్తారు. సుల్తాన్ బజార్‌లోనో బేగంబజార్‌లోనో హోల్‌సేల్‌లో దొరుకుతుంది. తెలుపు, లేదా లేత రంగు మీద చిన్న చిన్న బుటీలు. నలభై నాలుగు ఇంచుల పన్నా అయితే ఒక గౌనుకు నాలుగున్నర నుంచి ఐదు మీటర్లు లెక్కేసుకోండి. లోపల తెల్ల పాప్లిన్ లోలంగా తప్పదు, స్టేజీ లైట్ల ముందు మల్ మొత్తం పారదర్శకమే. పాలిస్టర్ జార్జెట్, శాటిన్, మెరుపు నెట్ జోలికి వెళ్ళకండి. నా మొదటి ప్రదర్శనకు చవగ్గా వస్తోందని నైలాన్ కలిసిన బట్ట కొన్నాను. స్టాటిక్ పుట్టి గౌన్లన్నీ కాళ్ళకు అతుక్కుపోయాయి. హీరోయిన్ కన్నీళ్ళ సీనులో ఒక చేత్తో కన్నీళ్ళు తుడుచుకుంటూ ఇంకో చేత్తో పిక్కల మీద బట్ట పీక్కుంటూ ఉంటే హాలంతా ఒకటే నవ్వు.

టైలరుకు 'అనార్కలి' అని మాత్రం చెప్పకండి. చెప్తే ప్రిన్సెస్ కట్ డార్టులు పెట్టి, గేరు చుట్టూ సమానంగా పోసి ఇస్తాడు. రీజెన్సీ గౌనుకు ముందువైపు దాదాపు సాపు, కుచ్చిళ్ళన్నీ వెనక మధ్యలో కూరి ఉంటాయి. వీపు భాగం చాలా సన్నం. చేతులు మామూలుగా కుట్టే చోటు కన్నా బాగా వెనక్కి జరిగి, వీపు మీదే మొదలైనట్టుంటాయి, భుజం కుట్టు కూడా వెనక్కి వాలి ఉంటుంది. ఈ కోత వల్లే వేసుకున్న మనిషి భుజాలు తమంతట తామే వెనక్కి పోతాయి. మెడ దగ్గర, రొమ్ము కింద బొందులు దూర్చి వెనక ముడి వేస్తారు. జిప్ పెడితే పెట్టుకోండి కానీ పక్కకు పెట్టండి, వెనక అస్సలు వద్దు.

ఏ ఏడాదో కూడా ముందే అనుకోండి. 1800 ప్రాంతంలో గౌను సాదాగా, వెనక నేల మీద ఈడ్చుకుంటూ ఉంటుంది. నెపోలియన్ యుద్ధాల వల్ల ఏళ్ళ తరబడి ఫ్రాన్సుకు రాకపోకలు తెగి, ఇంగ్లీషు నడుములు వాళ్ళ దారిన వాళ్ళు కిందికి దిగాయి. 1814లో శాంతి కుదిరి పారిస్ వెళ్ళిన ఇంగ్లీషు ఆడవాళ్ళు అక్కడి నడుములు మెడకిందికొచ్చి ఉండడం చూసి కంగారుపడ్డారు. 1816, 1817కల్లా నడుము గీత ఎక్కడికక్కడ పైకెక్కింది, కింద అంచుకు కుచ్చులూ దూది కూరిన గొట్టాలూ చేరి గంటలా విప్పారింది. కుట్టడం తేలిక కాబట్టి మీరు 1811 దగ్గర ఆగిపోండి.

తెర మీద నేను రోజూ చూసే తప్పు ఒకటుంది. పట్టపగలు, టీ తాగుతూ, సగం రొమ్ము కనపడేలా గౌన్లు. లోతు మెడ, పొట్టి బుట్ట చేతులు సాయంత్రం వేళకే. పగలు చేతులు మణికట్టు దాకా, మెడ దగ్గర 'షెమిజెట్' అనే తెల్లటి లోపలి కాలరు, లేదంటే ఒక పల్చటి రుమాలు. మన వోణీ అనుకోండి, పని అదే. బయటికి వెళ్తే బోనెట్, చేతులకు గ్లౌజులు. చలికి 'స్పెన్సర్' అనే పొట్టి కోటు, ఇంకా చలైతే 'పెలీస్' అనే పొడుగు కోటు. కాళ్ళకు మడమలేని పల్చటి చెప్పులు. పాత గౌన్ల కింద నడుముకు కట్టుకునే సంచీ జేబులు ఈ పల్చటి బట్ట కింద ఉబ్బెత్తుగా కనపడుతున్నాయని చేతిలో వేలాడే బుల్లి సంచీ వచ్చింది, 'రెటిక్యూల్' అంటారు. కొందరు వెక్కిరింతగా 'రిడిక్యూల్' అనేవారు. పొట్లీ బ్యాగులు అచ్చు అవే, పెళ్ళిళ్ళలో వచ్చినవి ఇంట్లో ఉంటే తెచ్చేయండి. జుట్టు వెనక ముడి, నుదుటి పక్కన చిన్న చిన్న రింగులు. రాత్రి కాగితం ముక్కలకు చుట్టుకుని పడుకునేవారు, హీటు లేకుండా ఇప్పటికీ పనిచేస్తుంది.

రెండు కట్టుకథలు కూడా నాటకంలోకి రానివ్వకండి. ఒకటి, ఒంటికి అతుక్కోవాలని గౌన్లు నీళ్ళలో తడిపి కట్టుకునేవారని. అది కార్టూనులు గీసేవాళ్ళ, తర్వాతి కాలపు గాసిప్ రాసేవాళ్ళ సరుకు. రెండు, విసనకర్ర ఇలా తిప్పితే ప్రేమ, అలా మూస్తే కోపం అని ఒక రహస్య భాష ఉండేదని. సరదా ఆటగా విసనకర్రల మీద కొన్ని అచ్చేశారు. కానీ అమ్మాయిలంతా ఆ భాషలో మాట్లాడుకున్నారన్న ప్రచారం తర్వాత విసనకర్రలు అమ్ముకునే కొట్లవాళ్ళ పుణ్యం. విసనకర్ర అసలు పని ఒకటే: వందల కొవ్వొత్తులు వెలిగే మూసిన హాల్లో గాలి విసురుకోవడం. కొవ్వొత్తులంటే గుర్తొచ్చింది, స్టేజీ మీద అసలువి పెట్టకండి. మల్ కాటన్ నిమిషంలో అంటుకుంటుంది. బ్యాటరీవి పెట్టండి.

ఇప్పుడు డాన్సులూ పెళ్ళిళ్ళూ.

ముందు ఒక సంగతి. తెర మీద కనపడే లోకం ఆ దేశంలో కొన్ని వందల కుటుంబాలది. మిగతా ఆడవాళ్ళు పొలాల్లో, మిల్లుల్లో, ఇంకొకరి వంటింట్లో ఉన్నారు. ఆ కొన్ని వందల కుటుంబాలకు లండను 'సీజన్' ఒక పెళ్ళిళ్ళ సంత. పార్లమెంటు సమావేశాల కోసం తండ్రులు ఊరికి వస్తే, కూతుళ్ళనీ తెచ్చి చూపించేవారు. ఆ సంతకు గేటు ఆల్మాక్స్. సెయింట్ జేమ్స్ పేటలో కింగ్ స్ట్రీట్ మీద 1765లో తెరిచిన హాలు అది. బుధవారం రాత్రి డాన్సు. లోపలికి వెళ్ళాలంటే డబ్బు చాలదు. 'లేడీ పేట్రనెస్'లు అనే కొద్దిమంది దొరసానులు కూర్చుని పేరు పేరునా తూచి చీటీ ఇవ్వాలి. వాళ్ళు కొట్టేస్తే ఎంత పెద్ద వర్తకుడి కూతురైనా బయటే. పోనీ లోపల విందా అంటే అదీ లేదు. వెన్న రాసిన పల్చటి రొట్టె ముక్కలు, నిన్నటి కేకు, టీ, నిమ్మరసం. మన పెళ్ళి భోజనానికి అలవాటుపడ్డ వాళ్ళు గేటు దగ్గరే వెనక్కి తిరిగేవారు.

డాన్సులో ఒకే మగవాడితో రెండు సార్లకు మించి ఆడితే ఊరంతా ముహూర్తం అడుగుతుంది. పెళ్ళికాని అమ్మాయి పక్కన తల్లో, పిన్నో, పెళ్ళయిన అక్కో ఉండాల్సిందే. ఎవరైనా పిలిస్తే 'నాకు డాన్సు చేయాలని లేదు' అనొచ్చు కానీ, అన్నాక ఆ రాత్రంతా కూర్చోవాలి, ఇంకెవరు పిలిచినా లేవకూడదు. నడుము మీద చెయ్యేసి తిరిగే వాల్ట్జ్ అప్పుడే వస్తోంది. 1816 జులైలో రీజెంటు ఇచ్చిన బాల్‌లో వాల్ట్జ్ ఆడితే టైమ్స్ పత్రిక మండిపడింది. కాబట్టి 1811 నాటకంలో వాల్ట్జ్ పెట్టకండి, రెండు వరసలుగా ఎదురెదురు నిలబడి ఆడే కంట్రీ డాన్స్ పెట్టండి. మన కోలాటం వచ్చినవాళ్ళకు రెండు రిహార్సల్స్‌లో పట్టుబడుతుంది, జతలు మారడం, చివరికి చేరి మళ్ళీ మొదలవడం అంతా అదే లెక్క.

'మార్నింగ్ కాల్' అని డైలాగులో వస్తే దాన్ని పొద్దున ఎనిమిదింటికి పెట్టకండి. అది మధ్యాహ్నం జరిగే పలకరింపు. పావుగంట, మహా అయితే అరగంట. బోనెట్ కూడా తీయకుండా కూర్చుని, వాతావరణం మాట్లాడి, లేచిపోవాలి. తిరిగి వాళ్ళు మన ఇంటికి రావాలి, రాకపోతే తెగినట్టు. మన పేరంటాల్లో తాంబూలం బాకీ ఉంటుంది చూడండి, అలాంటిదే.

స్వేచ్ఛ మాటకొస్తే, మీ హీరోయిన్‌కి ఊపిరాడకుండా చేయాలంటే తాళ్ళతో చేయకండి, తండ్రి వీలునామాతో చేయండి. పెళ్ళయిన మరుక్షణం చట్టం దృష్టిలో ఆమె విడి మనిషి కాదు, భర్తలో కలిసిపోయింది. ఆమె నగదు అతనిది, ఆమె సంపాదిస్తే ఆ సంపాదన అతనిది, పిల్లలు అతనివాళ్ళు. ఈ చట్టంలో కదలిక 1870లో గానీ మొదలవలేదు, అసలు మార్పు 1882లో వచ్చింది. విడాకులకు పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టం చేయించుకోవాలి, అది ఎంతమందికి సాధ్యమో మీరే ఊహించుకోండి. పెద్దింటి ఆస్తి పెద్దకొడుక్కి, కొడుకు లేకపోతే ఎక్కడో ఉన్న పినతండ్రి కొడుక్కి. కూతుళ్ళకు మిగిలేది కట్నం. అవును, కట్నమే. 'ఆమెకు పదివేలు' అని డ్రాయింగ్ రూముల్లో బాహాటంగా చెప్పుకునేవారు. పదివేల పౌన్లు ప్రభుత్వ బాండ్లలో పెడితే ఏడాదికి నాలుగైదు వందలు వడ్డీ. ఇంటి పనిమనిషి జీతం ఏడాదికి పది పౌన్లు అటూ ఇటూ. అందుకే పెళ్ళి మాటల్లో లాయర్లు ముందు కూర్చునేవారు. అమ్మాయి ఖర్చులకు ఏడాదికి ఇంత అని రాసుకునేదే 'పిన్ మనీ', భర్త పోతే బతకడానికి ఇంత అని రాసుకునేది 'జాయించర్'. తెలివైన తండ్రి కూతురి డబ్బుని ట్రస్టులో పెట్టి అల్లుడి చేయి పడకుండా చూసేవాడు.

దీనికి ఆల్మాక్స్‌లోనే మంచి ఉదాహరణ ఉంది, కావాలంటే మీ నాటకంలో ఒక పాత్రకు వాడుకోండి. రాబర్ట్ చైల్డ్ అని లండన్లో ఒక బ్యాంకరు. ఇరవై ఒక్క ఏళ్ళ లోపు పిల్లల పెళ్ళికి తండ్రి ఒప్పుకోవాలని ఇంగ్లండులో 1753 చట్టం, స్కాట్లండులో అది చెల్లదు. అందుకని 1782లో ఆయన ఒక్కగానొక్క కూతురు వెస్ట్‌మోర్‌లండ్ ఎర్ల్‌తో సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కు లేచిపోయింది. ఆయన కోపం ఎంతంటే, ఆస్తి అల్లుడి వంశాంకురానికి దక్కకుండా, వాళ్ళకు పుట్టబోయే కూతురికి రాశాడు. ఆ ఏడాదే చనిపోయాడు. 1785లో పుట్టిన ఆ మనవరాలే తర్వాత లేడీ జెర్సీ. ఇరవై ఒక్క ఏళ్ళు నిండగానే 1806లో చైల్డ్ బ్యాంకుకు సీనియర్ భాగస్వామి అయింది, 1867లో చనిపోయే దాకా ఆ కుర్చీ వదల్లేదు. ఆల్మాక్స్‌లో చీటీలు ఇచ్చే దొరసానుల్లో అందరూ భయపడింది ఈమెకే. ఒక తండ్రి పంతం వల్ల మనవరాలి చేతికి బ్యాంకు వచ్చింది. అలాంటి పంతం పట్టే తాత మిగతావాళ్ళకు లేడు.

రాణి దర్బారు సీను ఉంటే నవ్వులకు మంచి అవకాశం. మూడో జార్జి భార్య షార్లెట్ రాణికి పాత హూపులంటే ప్రాణం, దర్బారుకు అవి లేకుండా రానిచ్చేది కాదు. కొత్త ఫ్యాషన్ నడుమేమో చంకల కింద. రెండూ కలిస్తే ఆ మనిషి చంకల దగ్గర మొదలైన గుండ్రటి గుడారంలోంచి తల బయట పెట్టినట్టుండేది, ఆ తల మీద నిప్పుకోడి ఈకలు. రాణి 1818లో పోయింది, 1820లో ఆ రీజెంటే నాలుగో జార్జిగా రాజయ్యాకే హూపులు రద్దయ్యాయి. ఇంట్లో పాత హులాహూప్ ఉంటే ఈ ఒక్క పాత్రకు వాడేయండి.

తెల్ల గౌను దొరసానులదే అనుకుంటారేమో, ఇంకో చోట కూడా కనపడుతుంది. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో ఓటు హక్కు కోసం పెద్ద సభ జరిగింది. మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు ఊళ్ళ ఆడవాళ్ళు సంఘాలుగా ఏర్పడి, తెల్ల బట్టలు కట్టుకుని, జెండాలు పట్టుకుని వరసలుగా వచ్చారు. మాంచెస్టర్ ఆడవాళ్ళ సంఘం అధ్యక్షురాలు మేరీ ఫిల్డెస్ వేదిక దగ్గరే ఉంది. గుర్రాల మీద సైనికులు కత్తులు దూసి జనం మీద పడ్డారు. పీటర్‌లూ అంటారు ఆ రోజుని. ఎవరి చేతులైతే ఆ బట్ట నేశాయో వాళ్ళు ఆ బట్ట కట్టుకుని వచ్చిన రోజు అది. ఎనిమిది పాత్రల్లో ఒకటి మిల్లు అమ్మాయికి ఇవ్వగలిగితే ఇవ్వండి. ఆమె గౌను ఖర్చు కూడా తక్కువ.

చివరిగా మీ సార్ మాట. కోఠీలో విమెన్స్ కాలేజీ అని మనం పిలిచే ప్రాంగణంలో స్తంభాల తెల్ల భవనం చూసే ఉంటారు. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అది, కట్టించింది జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. ఆయన హైదరాబాదీ భార్య ఖైరున్నీసా. వాళ్ళ కూతురు 1802లో హైదరాబాదులోనే పుట్టింది. 1805లో, మూడేళ్ళ వయసులో, నాలుగేళ్ళ అన్నతో కలిసి మద్రాసులో ఓడెక్కింది. ఓడ ఎక్కే ముందు జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు ఆ పిల్లలిద్దరినీ హైదరాబాదు దర్బారు దుస్తుల్లో బొమ్మ గీశాడు. కొన్ని వారాలకే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి 1813లో పోయింది, పిల్లల్ని మళ్ళీ చూడనే లేదు. లండన్లో బాప్తిస్మం ఇచ్చి ఆ అమ్మాయికి క్యాథరిన్ ఆరోరా అని పేరు పెట్టారు, అందరూ కిట్టీ అన్నారు. తాత ఇంట్లో పెరిగింది. రీజెన్సీ మొదలయ్యేసరికి ఆమెకు తొమ్మిదో ఏడు, ముగిసేసరికి పద్దెనిమిది నిండబోతున్నాయి. అంటే మీ నాటకంలో అమ్మాయిల వయసే. ఈ నడుములు, ఈ బోనెట్లు, ఈ పావుగంట పలకరింపులు అన్నీ ఆమె పెరిగిన ఇళ్ళలోవే. 1829లో పెళ్ళి చేసుకుంది, 1889 దాకా ఇంగ్లండులోనే బతికింది. మధ్యలో ఒకసారి, పెద్దయ్యాక, ఎవరింటికో వెళ్తే గోడ మీద చిన్నరీ గీసిన ఆ బొమ్మ కనపడి ఏడ్చిందట. 1841లో హైదరాబాదులో ఇంకా బతికున్న అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది.

బట్ట కొనడానికి ఎలాగూ సుల్తాన్ బజార్ వెళ్తారు కదా, ఆ భవనం అక్కణ్ణించి నడిచే దూరమే. మీ సార్‌ని కూడా వెంట తీసుకెళ్ళండి. మల్ తెచ్చాక కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి, మీటరుకు రెండు మూడు ఇంచులు కుంచించుకుపోతుంది. కొలతలు పంపితే వీపు భాగం ఆది కాగితం మీద గీసి ఇస్తాను.